గోడ అవతల పారేస్తే నత్త పోతుందా?

కిందటేడు వానాకాలంలో మా బడి తోట మీద నత్తలు దండెత్తాయి.

దండెత్తాయంటే మీకు నవ్వు రావచ్చు. ఎవరైనా మెల్లిగా నడిస్తే ‘నత్తనడక’ అని వెక్కిరిస్తాం గదా, అటువంటి నత్తేమిటి, దండెత్తడమేమిటి? కాని సాయంత్రం పచ్చగా చూసి వెళ్ళిన బెండ మొక్కలకు పొద్దున కాడలు మాత్రమే మిగిలితే, నాటి పది రోజులైనా కాని బొప్పాయి మొక్కలు మొదలంటా తెగి పడి ఉంటే, ఆకుల మీద వెండి పూసినట్లు జిగురు చారలు మెరుస్తూ ఉంటే, మరేమనాలి?

మా పిల్లలు ఊరుకోలేదు. రెండు రోజులు పొద్దున్నే వచ్చి దొరికిన నత్తనల్లా ఏరారు. ఏరి ఏం చేశారంటారా? తోట వెనక ఉన్న ప్రహరీ గోడ అవతలకి విసిరేశారు. ఎవరు దూరంగా విసురుతారో పందెం కూడా వేసుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, “భేష్” అన్నాను కూడా. ఆ తప్పు నాదే.

వారం తిరగలేదు. మళ్ళీ అన్ని నత్తలూ వచ్చేశాయి. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను అడిగింది: “మాస్టారూ, ఇవి మనం పారేసినవేనా, కొత్తవా?”

చూశారా, ఎంత మంచి ప్రశ్నో! సైన్సు అంతా ఇటువంటి ప్రశ్నలోంచే పుడుతుంది. మాలో ఒక్కరికీ జవాబు తెలియదు.

నత్తకు ఇల్లు తెలుసా?

సరిగ్గా ఇదే ప్రశ్న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో ఒక అమ్మమ్మగారికి వచ్చింది. ఆమె పేరు రూత్ బ్రూక్స్. శాస్త్రవేత్త కాదు, తోటపని అంటే ఇష్టం. నత్తల్ని చంపడానికి మనసొప్పక దూరంగా వదిలి వచ్చేది. అవే తిరిగి వస్తున్నాయేమోనని ఆమెకు అనుమానం. 2010లో బి.బి.సి. రేడియో వారు మామూలు మనుషుల కోసం ఒక సైన్సు పోటీ పెట్టారు. ఆమె తన అనుమానాన్నే ప్రయోగంగా మార్చింది. నత్తల గుల్లల మీద గోళ్ళరంగుతో గుర్తులు పెట్టింది. ఎక్స్‌టర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు ఒకాయన సలహాలిచ్చాడు. గుర్తు పెట్టిన నత్తల్ని దూరంగా వదిలి, ఎన్ని తిరిగి వస్తాయో లెక్కపెట్టింది. పది మీటర్ల దూరం నుంచి కూడా నత్తలు తమ తావుకు తిరిగి వస్తున్నాయని తేలింది. ఆ ఏటి పోటీలో గెలుపు ఆమెదే.

ఆమె పరీక్షించినవి ఇంగ్లండు తోటనత్తలు. మా బడిలోవి వేరే జాతి. అందుచేత ‘మావి కూడా తప్పకుండా అలాగే వచ్చాయి’ అని నేను చెప్పను. ఒక జాతి మీద చేసిన ప్రయోగాన్ని ఇంకో జాతికి అతికించడం సైన్సు కాదు. కాని, పారేసిన నత్త పోయినట్టేనని గుడ్డిగా నమ్మకూడదని మాత్రం తెలిసింది గదా!

సరే, తిరిగి రాలేదనే అనుకుందాం. అప్పుడు అవి ఎక్కడున్నట్టు?

ఆ జవాబు మాకు మూడో రోజున గంపలో వచ్చింది. గోడ అవతల ఒక మామ్మ ఆకుకూరల మడి ఉంది. ఆమె గంప తెచ్చి మా వరండాలో దించి, “మాస్టారుగారూ, మీ పిల్లలు పారేసినవి మీకే తెచ్చానయ్యా. నా తోటకూరంతా కొరికేశాయి. అది అమ్ముకుంటేనే గదా నాకు పూట గడిచేది” అంది. గంప నిండా నత్తలు. పిల్లలు తలలు దించుకున్నారు. నేనూ దించుకున్నాను.

ఆనాటి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. నత్తల బెడదలో సగం నత్తల వల్ల రాలేదు, వాటిని ఒకచోటి నుంచి మరోచోటికి మోసే మనుషుల వల్ల వచ్చింది. నా మాట నమ్మకండి. నత్త చరిత్ర చూడండి.

మారిషస్ నుంచి చౌరంగీకి

మన తోటల్ని పాడుచేస్తున్న ఈ పెద్ద నత్త మన దేశపుది కాదు. దీని పేరు ఆఫ్రికా రాక్షసనత్త. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. శంకువులాగా పొడవైన గోధుమరంగు గుల్ల, దాని మీద నిలువుగా ముదురు చారలు ఉంటాయి. గుల్ల మామూలుగా మన అరచేతిలో ఇముడుతుంది. బాగా పెరిగితే ఇరవై సెంటీమీటర్ల దాకా కూడా ఉంటుంది.

సముద్రం దాటి ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? ఈదుకుంటూ రాలేదు. 1847లో విలియం బెన్సన్ అనే ఆయన మారిషస్ దీవి నుంచి బతికున్న నత్తల్ని కలకత్తాకు తెచ్చాడు. ఆయన గుల్లల్ని సేకరించి పరిశోధించే మనిషి. ఆ నత్తలు చౌరంగీలోని ఒక తోటలో విడుదలయ్యాయి. అక్కడి నుంచి మొక్కల వెంట, మట్టి వెంట, సామాన్ల వెంట దేశమంతా పాకాయి. బెంగాల్, కేరళ, మన కోస్తా జిల్లాలు ఒకటేమిటి, తేమ ఉన్న చోటల్లా కాపురం పెట్టాయి. బొప్పాయి, అరటి, కూరగాయలు, పూలమొక్కలు, అన్నీ వీటికి విందే.

బెన్సన్ చెడ్డవాడని నేను అనడం లేదు. గుల్లల గురించి చాలా తెలిసినవాడు. గుల్లల గురించి తెలిసినా, గుల్లలోని జీవి కొత్త దేశంలో ఏం చేస్తుందో ఆలోచించలేదు. మన పిల్లలు గోడ అవతలకి విసిరారు, ఆయన సముద్రం అవతలకి విసిరాడు. తేడా దూరంలోనే!

మూడు నత్తల లెక్క

1966లో అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన ఒక కుర్రవాడు హవాయి దీవులకు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ముద్దొచ్చి మూడు రాక్షసనత్తల్ని మయామీకి తెచ్చుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ వాటిని పెరట్లో వదిలేసింది. ఏడేళ్ళకు ఆ పరిసరాల్లో దొరికినవి పద్దెనిమిది వేలకు పైమాటే! వాటిని పూర్తిగా నిర్మూలించేసరికి 1975 వచ్చింది, పది లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది.

పెన్సిలు తీయండి. మూడు నత్తలు ఏడేళ్ళలో పద్దెనిమిది వేలు కావాలంటే ఏటా ఎన్ని రెట్లు పెరగాలి? మూడున్నర రెట్లు చొప్పున వేసి చూడండి. మూడు, పదిన్నర, ముప్పై ఏడు, నూటఇరవై తొమ్మిది... ఏడోసారి గుణించేసరికి పందొమ్మిది వేలు దాటుతుంది.

ఇప్పుడు రెండో సంగతి వినండి. ఈ నత్త ఉభయలింగ జీవి. ఒకే నత్తలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. కనుక ఏ నత్తయినా గుడ్లు పెట్టగలదు. ఒక విడతకు వంద నుంచి నాలుగు వందల దాకా పెడుతుంది. ఏడాదిలో వెయ్యి దాటవచ్చు. ఒకసారి జత కూడితే చాలు, ఆ తరువాత చాలా విడతలు పెట్టగలదు.

రెండు లెక్కల్నీ కలపండి. వెయ్యి గుడ్లలో తొమ్మిది వందల తొంభై ఆరు నాశనమై నాలుగే బతికినా ఫ్లోరిడా కథ మళ్ళీ జరుగుతుంది! అందుచేత ‘చాలావరకు ఏరేశాం’ అనుకుని చేతులు దులుపుకుంటే లాభం లేదు. ‘మా పెరట్లో లేవు, పక్క పెరట్లో ఉంటే నాకేం’ అంటే అసలే లాభం లేదు.

ఫ్లోరిడా కథ అక్కడితో ఆగలేదు. 2011లో మయామీ ప్రాంతంలో ఈ నత్త మళ్ళీ కనిపించింది. వాసన పట్టే కుక్కలతో సహా పదేళ్ళు వెతికి, లక్షా అరవై వేలకు పైగా నత్తల్ని ఏరి, 2021లో ‘పోయింది’ అని ప్రకటించారు. మరుసటి ఏడే ఆ రాష్ట్రంలో ఇంకో జిల్లాలో బయటపడింది!

తోడేలును తెచ్చుకున్న దీవులు

కొందరు అంటారు: “దీన్ని తినే జంతువును తెచ్చి వదిలితే పోలేదా?” వినడానికి బాగానే ఉంటుంది. ఇది కూడా చేసి చూశారు.

హవాయి దీవుల్లో రాక్షసనత్త పెచ్చుపెరిగినప్పుడు, 1955లో ఫ్లోరిడా నుంచి ఇంకో నత్తను తెచ్చి వదిలారు. అది ఆకులు తినదు, తోటి నత్తల్ని వేటాడి తింటుంది. అందుకే దానికి తోడేలు నత్త అని పేరు. 1974లో తాహితీ దీవిలోనూ, 1977లో దాని పక్కనున్న మూరియా దీవిలోనూ వదిలారు. అది పెద్ద పెద్ద రాక్షసనత్తల జోలికి పోయి తంటాలు పడటమెందుకని, ఆ దీవుల్లోనే పుట్టి పెరిగిన చిన్న చిన్న చెట్టునత్తల మీద పడింది. పార్టులా అనే ఆ చెట్టునత్తలు ఎవరి పంటకూ హాని చేసినవి కావు. పదేళ్ళు గడిచేసరికి మూరియా అడవుల్లో అవి దాదాపుగా మిగల్లేదు. శాస్త్రజ్ఞులు ముందుగానే కొన్నింటిని పట్టి జంతుప్రదర్శనశాలల్లో పెంచబట్టి కొన్ని జాతులైనా దక్కాయి. 2015 నుంచి వాటి పిల్లల్ని మళ్ళీ ఆ దీవుల్లో వదులుతున్నారు. ఒక తప్పును దిద్దడానికి ఇంకో తప్పు, దాన్ని దిద్దడానికి నలభై ఏళ్ళ శ్రమ!

మన దగ్గర తోడేలు నత్త అక్కర్లేదు. జెముడుకాకి నత్తల్ని తింటుంది. మిణుగురు పురుగుల పిల్లలు నత్తల్ని తినే పెరుగుతాయి. ఈ నేస్తాలు బతకడానికి కాస్త పొద, కాస్త చీకటి, విషం లేని నేల మిగిలిస్తే చాలు.

ఉప్పు, విషం

ఇక అందరికీ తెలిసిన వైద్యం ఉప్పు. నత్త మీద ఉప్పు చల్లితే నురుగులు కక్కి చస్తుంది. ఎందుకని? ద్రవాభిసరణం మీరు చదువుకున్నదే. నత్త ఒళ్ళు తడిగా, పలచని చర్మంతో ఉంటుంది. పైన ఉప్పు గాఢత ఎక్కువ కాగానే లోపలి నీరు బయటకు లాగబడుతుంది. మొక్క వేరుకు కూడా ఇదే సూత్రం! మడిలో ఉప్పు చల్లితే నత్త ఒక్కసారి చస్తుంది, మొక్క రోజూ చస్తుంది. వేళ్ళు నీరు పీల్చుకోలేవు, నేల చవుడు బారుతుంది. మొక్కను కాపాడటానికి మొక్క కాళ్ళ దగ్గర ఉప్పు పోసేవాణ్ణి ఏమనాలి?

కోడిగుడ్డు పెంకులు నలగ్గొట్టి మొక్క చుట్టూ వేస్తే నత్త దాటలేదని కొందరి నమ్మకం. 2018లో ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారు గుడ్డు పెంకులు, రాగి పట్టీలు మొదలైన అడ్డుకట్టలు పరీక్షించి చూశారు. అడ్డుకట్ట ఉన్న మొక్కలకూ లేని మొక్కలకూ జరిగిన నష్టంలో తేడా కనిపించలేదు.

విషపు గుళికల సంగతో? మెటాల్డిహైడ్ అనే మందు నత్తల్ని చంపే మాట నిజమే. కాని దాన్ని తవుడు వంటి వాటితో ఎరగా చేస్తారు. ఆ ఎర కుక్కలకూ రుచే, కోళ్ళకూ రుచే. పసిపిల్లలు తిరిగే పెరట్లో, బడి తోటలో అది ఉండవలసిన వస్తువు కాదు. బ్రిటన్‌లో 2022 నుంచి దాన్ని ఆరుబయట వాడటం నిషేధించారు. తప్పనిసరి అయితే వ్యవసాయాధికారి సలహాతో పెద్దవాళ్ళు ఏ మందు వాడాలో నిర్ణయించాలి. అది మన పని కాదు.

మరి మన పని ఏమిటి?

ముందుగా నత్త బతుకు తెలుసుకోవాలి. దానికి తేమ కావాలి, చీకటి కావాలి, సున్నం కావాలి. తేమ కోసం రాత్రిపూట, వానపడ్డ రోజున తిరుగుతుంది. పగలు రాళ్ళ కింద, ఎండుటాకుల కింద దాక్కుంటుంది. గుల్ల కట్టడానికి సున్నం కావాలి గనుక వెల్లవేసిన గోడల్ని నాకుతుంది. దాని నాలుక మీద వేలకొద్దీ చిన్న పళ్ళుంటాయి. ఆ నాలుక ఆకురాయిలాగా ఆకును అరగదీస్తుంది. ఎండాకాలం రాగానే గుల్ల వాకిలికి మూత బిగించుకుని నెలల తరబడి నిద్రపోతుంది.

ఇందులోంచే ఉపాయాలు దొరుకుతాయి. మొక్కలకు సాయంత్రం కాక పొద్దున నీళ్ళు పోస్తే రాత్రికి నేల పైపొర ఆరుతుంది. గోడల మొదట్లో పేరుకున్న చెత్త తీసేస్తే దాక్కోవడానికి చోటుండదు. తొలకరికి ముందే, నిద్రపోతున్నప్పుడే రాళ్ళ కింద వెతికితే గుడ్లు పెట్టకముందే దొరుకుతాయి. మట్టిలో కొద్ది లోతున సగ్గుబియ్యంలాంటి గుడ్ల కుప్పలు కనిపిస్తే అదే గొప్ప నిధి! ఒక కుప్ప తీశారంటే రెండు మూడు వందల నత్తల్ని ఒక్కసారిగా తీసినట్టే.

తడిపిన గోనెసంచిలో బొప్పాయి ఆకులు, కాబేజీ ముక్కలు వేసి సాయంత్రం తోటలో పెట్టండి. తెల్లవారేసరికి నత్తలు అందులో చేరతాయి. కేరళలో ఈ పద్ధతి బాగా వాడుతున్నారు.

ఒక హెచ్చరిక మరిచిపోవద్దు. నత్తను వట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఎలుక ఊపిరితిత్తుల్లో బతికే ఒక నులిపురుగు పిల్లలు నత్త ఒంట్లో ఉండవచ్చు. అవి మనిషి కడుపులోకి పోతే మెదడు పొరలకు వాపు తెచ్చే ప్రమాదం ఉంది. చేతికి తొడుగు గాని, ప్లాస్టిక్ సంచి గాని, పట్టకారు గాని ఉండాలి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆకుకూరల్ని బాగా కడిగే వండుకోవాలి.

ఏరిన వాటిని పెద్దవాళ్ళకు అప్పగించండి. మూత ఉన్న బకెట్టులో గాఢమైన ఉప్పునీళ్ళలో వేసి, చచ్చాక లోతైన గుంటలో పూడ్చాలి. ఉప్పుకు తగిన చోటు బకెట్టే, మడి కాదు. ఆ నీళ్ళు మొక్కల దగ్గర పారబోయకూడదు.

‘అయ్యో, అది ప్రాణి కాదా?’ అని అడిగేవారుంటారు. ఆ మాట నాకు ఇష్టమే. ప్రాణే. అందుకే దాన్ని చంపడం ఆటగా మారకూడదంటాను. మీద ఉప్పు చల్లి నురుగు చూసి నవ్వడం, విసిరి గుల్ల పగిలితే చప్పట్లు కొట్టడం సైన్సూ కాదు, తోటపనీ కాదు. వదిలేస్తే మామ్మ మడి పోతుంది, మన దేశపు మొక్కలు పోతాయి. కనుక తీయక తప్పదు. తీసే పని నెమ్మదిగా, తలవంచుకుని చేయాలి.

ఇంకో మాట. గుల్ల ఉన్న ప్రతి జీవీ శత్రువు కాదు. చెరువులో ఉండే నత్తగుల్ల మనదే. కుళ్ళిన ఆకులు తిని నేలకు బలమిచ్చే చిన్న నత్తలూ మనవే. చూసి, పోల్చుకుని, తెలిసిన తరువాతే చేయి వేయండి. నర్సరీ నుంచి మొక్క తెచ్చేటప్పుడు కుండీ అడుగు, మట్టి పైపొర చూసి తీసుకోండి. ఏ ఊళ్ళోనో ముద్దుగా కనబడిందని దేన్నీ జేబులో వేసుకుని తేకండి.

మా బడి సంగతి చెప్పి ముగిస్తాను. గంప వచ్చిన మరునాడే పిల్లలు ఒక నోట్‌బుక్కు పెట్టారు. తేదీ, వాన పడిందా లేదా, ఎన్ని నత్తలు, ఎన్ని గుడ్ల కుప్పలు అని నాలుగు గళ్ళు గీశారు. ఆ అమ్మాయి ఐదో గడి కూడా గీసింది. దాని పైన ‘మామ్మ మడిలో ఎన్ని’ అని రాసింది. వానాకాలం అంతా వంతులు వేసుకుని, పెద్దవాళ్ళను తోడు తీసుకుని, రెండు చోట్లా ఏరారు. నత్తలు పూర్తిగా పోయాయని చెప్పను. మొన్నటి వానకు కూడా కొన్ని కనిపించాయి. కాని మామ్మ ఈ ఏడు తోటకూర అమ్ముకుంటోంది, మా బొప్పాయిలు నా భుజాల ఎత్తు పెరిగాయి.

మీ గోడకు అవతల ఎవరున్నారు? నత్తను ఏరే ముందు ఒక్కసారి తొంగి చూడండి.